మొటిమలు లెక్కపెట్టిన తీరు

మామిడిపళ్లు ఇంటికి రాగానే మా అమ్మ హెచ్చరిక మొదలయ్యేది: "రెండుకు మించి తినకురా, వేడి చేసి ముఖమంతా మొటిమలొస్తాయి." పక్కింటి పిన్నిగారు నూనె వస్తువులంటారు, మేనమామ వేరుశెనగలంటాడు, కాలేజీలో స్నేహితుడు చాక్లెట్ అంటాడు. ఏది తింటే మొటిమలొస్తాయో చెప్పలేని మనిషి నాకింతవరకు ఎదురుకాలేదు. చెప్పడం తేలికే. తేల్చడం ఎంత కష్టమో నాకు తెలిసింది మాత్రం, 2007లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్'లో అచ్చయిన ఒక చిన్న పరిశోధన చదివాకే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రాబిన్ స్మిత్, నీల్ మాన్, వారి సహచరులు చేసిన పని అది. 15 నుంచి 25 ఏళ్ల మధ్య మగపిల్లలు 43 మంది, 12 వారాలు. చూడ్డానికి అంతే. ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు మొటిమ సంగతి. అది చర్మం పైన మురికి వల్ల పుట్టేది కాదు. వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రానికీ ఒక నూనెగ్రంథి అతుక్కుని ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగితే ఆ గ్రంథి ఉబ్బి జిడ్డు ఎక్కువ వదులుతుంది. అదే సమయంలో రంధ్రం లోపలి గోడ కణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అంటుకుని బిరడాలా బిగుస్తాయి. లోపల చిక్కిన జిడ్డులో క్యూటిబ్యాక్టీరియం ఏక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఒళ్లు దాని మీద తిరగబడుతుంది, అక్కడ ఎర్రబడి చీము పడుతుంది. బ్లాక్‌హెడ్‌లో కనిపించే నలుపు కూడా మురికి కాదు, మన చర్మానికి రంగునిచ్చే మెలనినే. ఎంత రుద్ది కడిగినా పోనిది అందుకే. ఆ బిరడా కంటికి ఆనని దశ నుంచి మొటిమగా బయటపడడానికి వారాలు పడుతుంది. నిన్న తిన్న పకోడీని ఇవాళ్టి మొటిమకు ముడిపెట్టే మన లెక్క అక్కడే తప్పుతుంది.

ఇలాంటి లెక్క సరిచూడాలని 1969లో అమెరికాలో ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్‌మన్ అనే ముగ్గురు 65 మందికి చాక్లెట్ తినిపించి చూశారు. మామూలు చాక్లెట్‌లో ఉండేదానికి పదిరెట్లు చాక్లెట్ ఉన్న బిళ్ల ఒకటి, అసలు చాక్లెట్ లేని బిళ్ల ఒకటి. తేడా ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు "తిండికీ మొటిమలకూ సంబంధం లేదు" అన్నమాట వైద్య పుస్తకాల్లో స్థిరపడిపోయింది. కానీ చాక్లెట్ లేని ఆ బిళ్లలో కూడా చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి. అంటే వాళ్లు పరీక్షించింది కోకోను మాత్రమే, తీపిని కాదు. పైగా ఆ 65 మందిలో సగానికి పైగా జైలు ఖైదీలు. జైల్లో క్లిగ్‌మన్ చేసిన ప్రయోగాలకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యవిభాగం 2021లో క్షమాపణ చెప్పింది. చెప్పక తప్పని తప్పే అది.

2002లో లోరెన్ కార్డేన్ బృందం వేరే వైపు నుంచి వచ్చింది. పాపువా న్యూగినీకి చెందిన కిటావా దీవిలో 1,200 మందిని చూస్తే ఒక్క ముఖం మీదా మొటిమ లేదు. పరాగ్వే అడవుల్లోని ఆచే జనంలో 115 మందిని గమనిస్తే అక్కడా లేదు. కిటావా వాళ్ల తిండి దుంపలు, పళ్లు, చేపలు, కొబ్బరి. అయితే దీవి వేరు, రక్తం వేరు, ఎండ వేరు. ఇందులో ఏది కారణమో చూపుతో తేలదు. తేల్చాలంటే ఒకే ఊళ్లో ఒకేలాంటి వాళ్లను రెండు జట్లు చేయాలి.

మెల్‌బోర్న్ వాళ్లు చేసింది అదే. ఒక జట్టుకు రక్తంలో చక్కెరను ఒక్కసారిగా ఎగదోయని తిండి: శక్తిలో నాలుగోవంతు మాంసకృత్తుల నుంచి, 45 శాతం మెల్లగా అరిగే పిండిపదార్థాల నుంచి. రెండో జట్టుకు పిండిపదార్థాలు ఎక్కువున్న తిండి, చక్కెర ఎంత పెరుగుతుందన్న ఊసే లేకుండా. ముఖం కడుక్కోవడానికి రెండు జట్లకూ ఒకే క్లీన్సర్ ఇచ్చారు, సబ్బు మార్చినందువల్ల తేడా వచ్చిందనే మాటకు చోటు లేకుండా. నాకు అన్నిటికన్నా నచ్చింది లెక్కపెట్టిన పద్ధతి. ముఖాలు చూసి లెక్కవేసే చర్మవైద్యులకు ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఏ జట్టువాడో తెలియదు. తెలిస్తే, ఎంత నిజాయతీపరుడి కన్నైనా తాను కోరుకున్న వైపే ఒకటి రెండు ఎక్కువ చూస్తుంది. ఇక గడువు 12 వారాలు: లోపల అప్పటికే తయారవుతున్న మొటిమలు బయటపడి అణిగిపోవడానికి సరిపడేంత.

ఫలితం చూడండి. మొదటి జట్టులో సగటున 23.5 మొటిమలు తగ్గాయి. రెండో జట్టులోనూ 12 తగ్గాయి! క్లీన్సరో, కాలమో, ఎవరో చూస్తున్నారన్న శ్రద్ధో, ఆ తిండి లేకపోయినా సగం తగ్గుదల ఎలాగూ వచ్చేదే. పోలిక జట్టు లేకుండా చేసి ఉంటే ఆ 12 కూడా తిండి ఖాతాలోనే పడేవి. మన ఇళ్లలో "ఫలానా లేపనం రాస్తే తగ్గింది" అనే మాటల్లో ఇలాంటి 12లు ఎన్ని ఉన్నాయో.

వాళ్లు కారణాన్నీ వెతికారు. మొదటి జట్టులో ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు మెరుగుపడింది. ఇన్సులిన్ ఎక్కువైతే ఆండ్రోజన్ల జోరు, జిడ్డు పెరుగుతాయన్నది అప్పటికే ఉన్న అవగాహన. అది ఇక్కడ సరిగ్గా అతికింది. అయితే ఆ జట్టు సగటున 2.9 కిలోలు బరువు కూడా తగ్గింది. మొటిమలు తగ్గించింది తిండా, బరువా? విడదీసి చూడాల్సి ఉందని రచయితలు తామే రాశారు. తమ పనిలోని బలహీనతను దాచకుండా రాసుకున్న ఆ వాక్యం కోసమైనా ఈ పరిశోధన చదవదగింది. కొత్తగా పరిశోధనలోకి వచ్చే మన పిల్లలకు నేనైతే దీన్నే మొదటి పాఠంగా ఇస్తాను.

మీ ఇంట్లో పదహారేళ్ల పిల్లో పిల్లాడో అద్దం ముందు నిలబడి బాధపడుతుంటే ముఖం కడుక్కోలేదని, చిరుతిళ్లు తిన్నారని తిట్టకండి. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీము రాయకండి, దానివల్లే కొత్త మొటిమలొస్తాయి. చర్మవైద్యుడికి చూపించండి. ఆయన ఇచ్చిన మందు వారానికే పనిచేయలేదని మానేయకుండా, కనీసం 12 వారాలు వాడనివ్వండి.