పేరుకో చీటీ

బెల్లంపల్లిలో ఆటో ఎక్కి ‘కాల్‌టెక్స్’ అంటే చాలు, డ్రైవరు మారు మాట్లాడకుండా తీసుకెళ్లి దించుతాడు. మన దేశంలో కాల్‌టెక్స్ కంపెనీ వ్యాపారాన్ని ప్రభుత్వం 1976లోనే తీసుకుంది. ఆ బోర్డును కళ్లారా చూడని పిల్లలు కూడా ఆ ఏరియాను ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు. కాంటా చౌరస్తా, రడగంబాల బస్తీ, నంబర్ టూ ఇంక్లైన్ బస్తీ కూడా ఇలా జనం నోట నిలిచిన పేర్లే. అసలు ‘సింగరేణి’ అన్నదే ఖమ్మం జిల్లాలోని ఓ ఊరి పేరు. 1920లో కంపెనీ ఆ పేరు పెట్టుకుంది కాబట్టి, ఆ ఊరి ముఖం చూడనివాళ్లు కూడా మూడు తరాలుగా ‘మాది సింగరేణి’ అంటున్నారు.

ఇలాంటి పేర్లను చీటీల మీద రాసి పెట్టుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. పేరు రాస్తాను, చెప్పిన మనిషి ఎలా పలికితే అలాగే రాస్తాను. ఆ మనిషి చేసిన పని, అతనికి ఆ పేరు ఎవరి ద్వారా తెలిసిందన్న సంగతి కింద రాస్తాను. ఈ రెండో భాగం లేకపోతే చీటీకి విలువ లేదని నా గట్టి నమ్మకం.

పేర్ల అధ్యయనానికి ప్రపంచవ్యాప్తంగా ఒక కూటమి ఉంది. 1938లో ఆల్బేర్ దోజా అనే ఫ్రెంచి భాషావేత్త పారిస్‌లో పిలిచిన సభతో అది మొదలైంది. యుద్ధం అయ్యాక, 1950 నుంచి ‘ఒనోమా’ అనే పత్రిక వస్తోంది. మూడేళ్లకోసారి సభ జరుగుతుంది, 2024లో హెల్సింకీలో జరిగింది. ఇదంతా మనకు దూరపు వ్యవహారం అనిపించవచ్చు. కానీ మన గుట్టల మీద ఉండే కోలాముల భాష ఇలాంటి దారుల్లో ఎప్పుడో ప్రయాణం చేసింది.

కెనడాలో పుట్టిన ముర్రే ఎమెనో 1930ల్లో మన దేశంలో తిరిగి, కోలాములు చెప్పిన మాటలు రాసుకుని, 1955లో కోలామీ భాష మీద పుస్తకం తెచ్చారు. ఆయన ఉన్నది బర్కిలీలో, థామస్ బరో ఉన్నది ఆక్స్‌ఫర్డ్‌లో. సముద్రానికి ఆ ఒడ్డునొకరు, ఈ ఒడ్డునొకరు ఉండి కలిసి కట్టిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది. 1984లో దాన్ని పెంచి మళ్లీ వేశారు. మన ఊళ్ల పేర్లలోని గూడెం, పల్లి, మర్రి ఏ భాషలో ఏ రూపంలో ఉన్నాయో వెతకాలంటే నేటికీ ముందు అందులోనే చూస్తాం. దక్షిణాసియాకు ఒక నామశాస్త్రం కావాలని 1978లో వ్యాసం రాసినవారూ ఎమెనోయే. అంతకుముందే మన కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. మైసూరు కేంద్రంగా స్థలనామాలకు ఒక సంఘమూ పత్రికా ఏర్పడ్డాయి. కడపకు దొరికిన ఆ అదృష్టం మన బొగ్గుబాయిల ప్రాంతానికీ దక్కాలని నా కోరిక.

దేశాల మధ్య సహకారంలో ఇంకో పాయ ఉంది, అది ఐక్యరాజ్యసమితిది. భౌగోళిక నామాల ప్రామాణీకరణ మీద 1967లో జెనీవాలో మొదటి సమావేశం పెట్టారు. తెలుగుతో సహా మన లిపులను రోమన్ అక్షరాల్లోకి మార్చే పద్ధతిని 1972లో ఆమోదించి, 1977లో సవరించారు. పటాలకు, రక్షణ సిబ్బందికి, తపాలాకు ఒకే స్పెల్లింగు ఉండడం అవసరమే. మంచిర్యాల ఇంగ్లీషులో ‘మంచేరియల్’ అయింది, జగిత్యాల ‘జగ్తియాల్’ అయింది. రెండింట్లోనూ చివరి అచ్చు రాలిపోయింది. ఆ అచ్చు తిరిగి రావాలనే నేనూ అంటాను. కానీ పటానికి ఒక్క రూపం చాలు, అధ్యయనానికి అన్ని రూపాలూ కావాలి. గోదావరిఖని అవతల ఎనిమిదో ఇంక్లైన్ దగ్గర కట్టిన కాలనీని మన పేపర్లు ‘యైటింక్లైన్ కాలనీ’ అని ఒకే మాటగా రాస్తాయి. ఇంగ్లీషు అంకె తెలుగు నోట్లో ఒదిగి ఊరి పేరయిన ఈ తీరు ప్రామాణిక జాబితాలో కనిపించదు, చీటీలో కనిపిస్తుంది.

నేల లోపల ఇంకో లోకం ఉంది. ఎల్లందులో బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని పేరు. 1870ల మొదట్లో అక్కడ బొగ్గు జాడ తీసిన జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ పేరది. ఇలా పెద్దవాళ్ల పేర్లు గని ప్లాన్లలోకి ఎక్కాయి. కార్మికులు పెట్టుకున్న పేర్లు ఎక్కలేదు. ఉద్యోగం దిగిపోయిన మైనింగ్ సర్దార్ ఒకాయన నాకు చెప్పిన మాట చూడండి: “కాయితంల లెవల్ నంబర్లుంటయి సార్. మాకైతె అది నీళ్ల మూల. ఎండకాలం సుత రూఫుకెల్లి నీళ్లు కారేటివి. ‘నీళ్ల మూల కాడ ఉన్న’ అంటె లైట్ లేకున్నా ఎవరన్న ఒస్తుండె.” ఆ బాయి ఇప్పుడు మూతపడింది. నీళ్ల మూలను నీళ్ల మూల అని పిలిచినవాళ్లలో మిగిలింది కొద్దిమందే. హెల్సింకీలో ఎంత గొప్ప సభ జరిగినా, ఈ పేరును బెల్లంపల్లిలో ఎవరో ఒకరు రాసి పెడితేనే అది అక్కడిదాకా పోతుంది.

ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్ల సంగతి ఇంకా తొందరపెడుతుంది. ఊరి పేరు పునరావాస కాలనీ బోర్డు మీదికైనా వెళ్తుంది. చెలక పేరు, ఒర్రె పేరు, కుంట పేరు మట్టిదిబ్బ కిందే ఉండిపోతాయి. పాత టోపోషీట్లలో కొన్ని ఉన్నాయి, అవీ విన్న అధికారి చెవికి పట్టినంత మేరకే.

రడగంబాల బస్తీకి ఆ పేరెలా వచ్చిందో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. నేను అన్నీ రాసుకుంటున్నాను, ఏదీ కొట్టేయడం లేదు. మీ ఇంట్లో దిగిపోయిన ట్రామరో, కోల్‌ఫిల్లరో ఉంటే ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. బాయిలో ఏ మూలను ఏమనేవాళ్లు, బస్తీలో ఏ గల్లీని ఏమనేవాళ్లు, ఎవరు చెబితే తెలిసింది. వాళ్ల నోట ఎలా వస్తే అలాగే రాయండి, దిద్దకండి. చీటీ కింద వాళ్ల పేరు, చేసిన పని, పనిచేసిన బాయి రాయండి.