టెస్టర్ పట్టని తప్పు

నెట్‌వర్క్ కేబుల్ తొక్క ఒలిస్తే లోపల ఎనిమిది తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలేసిన నాలుగు జతలు. రామాయంపేటలో ఆదివారాలు నెట్‌వర్కింగ్ నేర్చుకోడానికి నా దగ్గరికొచ్చే డిగ్రీ పిల్లల చేతికి ముందుగా ఇచ్చేది ఈ కేబుల్ ముక్క, ఒక క్రింపింగ్ టూల్, గుప్పెడు ఆర్‌జే-45 కనెక్టర్లు. కంప్యూటర్ సంగతి తర్వాత.

రంగుల వరస ఇది: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి నడుమ నీలం జత కూర్చుందని గమనించారా? శుభ్రంగా, పద్ధతిగా పనిచేసే పిల్లలకు ఇదే నచ్చదు. ఆకుపచ్చ రెండూ ఒకచోట, నీలం రెండూ ఒకచోట సర్దేస్తారు. రెండు కొసలకూ అదే వరస కాబట్టి టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. గజం ముక్కయితే చాలాసార్లు నడుస్తుంది కూడా. అదే అరవై మీటర్లు లాగితే లింకు వచ్చిపోతుంటుంది, ఫైలు కదలదు.

"లైట్లన్నీ వెలుగుతున్నయ్ గద సార్, మరెందుకు వస్తలేదు?"

ఈ ప్రశ్న కోసమే ఆ కేబుల్‌ను చూసీ చూడనట్టు వదిలేస్తాను. ఒక జతలో పోయే సిగ్నల్ పక్క జతలో దూరకుండా చూసేది ఆ మెలికే. జత విడిపోతే మెలిక ఉన్నా లేనట్టే. చవక టెస్టర్‌కు తీగ తెగిందా, వరస మారిందా అన్నది తెలుస్తుంది కానీ ఏది దేనికి జతో తెలియదు.

నేను చూసిన కాలేజీ ల్యాబుల్లో కొన్నింట కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ అద్దాల బీరువాలో తాళం కింద ఉంది. పిల్లలు పాడుచేస్తారట! రికార్డు మాత్రం నీటుగా రాయిస్తారు, బొమ్మలతో సహా. అందులో రిజల్ట్ ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది. రిజల్ట్ రానప్పుడు ఏం చేయాలన్నదే నెట్‌వర్క్ ఉద్యోగం. దానికి మార్కులు లేవు.

డిగ్రీ అయ్యాక హైవే మీద హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో దిగుతారు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనబడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు. అక్కడ నేర్పే సీసీఎన్ఏ అంటే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో వాళ్లు 1998లో మొదలుపెట్టిన పరీక్ష. 2020 ఫిబ్రవరి నుంచి కొత్త సిలబస్‌తో ఒకటే పేపరు, రెండు గంటలు. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. సిలబస్‌తో నాకు పేచీ లేదు, గట్టి సిలబస్. 256 అడ్రసులను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 62 కంప్యూటర్లకే చోటెందుకో కుదురుగా నేర్పుతుంది. పేచీ అంతా డంప్స్‌తోనే. పాత ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టి పాసైనవాడికి ఆ 62 గుర్తుంటుంది, మిగతా రెండు అడ్రసులు ఎటుపోయాయో తెలియదు.

డబ్బులేని పిల్లలకు నెట్‌వర్క్‌ను తెరమీదే కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. రౌటర్‌కు కమాండ్లు ఇవ్వడానికి అంతకన్నా మంచి పలక లేదు. అయితే అందులో కేబుల్‌ను కోతి కొరకదు. మా వైపు మిద్దెల మీద లైను లాగినవాడెవడైనా కోతుల బాధ పడాల్సిందే, అది ఏ సిలబస్‌లోనూ కనిపించదు.

పిల్లలు బాగా ఇష్టపడే పాఠం లూప్. దేనికీ తగిలించని మామూలు పాత స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చి, పక్కన ఒక కంప్యూటర్ కలపమంటాను. అది అందరికీ వినబడేలా ఒక్క కేక వేస్తే చాలు, ఆ కేక లోపలే గిరగిరా తిరుగుతుంది. ఇన్ని చుట్లు తిరిగాక ఆగిపోవాలన్న లెక్క ఈథర్‌నెట్ ఫ్రేముకు లేదు. క్షణాల్లో లైట్లన్నీ కలిసి పిచ్చిగా మెరుస్తాయి, నెట్‌వర్క్ చచ్చిపోతుంది. దీన్ని ఆపడానికే రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు 1985లో స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టింది. దానికీ ఓ హద్దుంది. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఆ హద్దు దాటి కూలితే, నాలుగు రోజుల పాటు మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు కాగితాల మీదే నడిచాయి. ఈ కథ చెప్పాక, ఏది ఎటుపోతుందో తెలిసేలా కేబుల్‌కు పేరుచీటీ అంటించమని ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు.

నన్నడిగితే ప్రాక్టికల్ పరీక్ష ఇలా పెట్టాలి: నడుస్తున్న నెట్‌వర్క్‌లో మాస్టారు ముందే ఒక తప్పు దూర్చి, అరగంట టైమిచ్చి, బయటికెళ్లి టీ తాగి రావాలి. కనిపెట్టలేకపోయినా సరే, ఏది ముందు చూశాడో, దేన్ని ఎందుకు కొట్టేశాడో రాస్తే సగం మార్కులు వేయాలి. మా పిల్లల చేత నోట్‌బుక్‌లో ఇదే రాయిస్తున్నాను. గచ్చిబౌలి ఐటీ కంపెనీ ఇంటర్వ్యూలో "ఈమధ్య ఏది పాడైతే ఎట్లా పట్టుకున్నావు?" అని అడిగితే సర్టిఫికెట్ తీసి చూపిస్తే సరిపోదు. ఆకుపచ్చ జత కథ చెప్పినవాణ్ని ఇంకో పది నిమిషాలు కూర్చోబెడతారు.