ఒకే రాగం, ఇద్దరు విద్వాంసులు

సంగీతం తెలిసినవాళ్లు నలుగురు చేరినచోట ఈ వాదన రాక మానదు: జుగల్బందీల్లో ఏది గొప్పది? రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్ అంటారు ఒకరు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు అంటారు ఇంకొకరు. బిస్మిల్లా ఖాన్ షెహనాయితో వి.జి. జోగ్ వయొలిన్ కలిసిన రికార్డులను తలుచుకుని మురిసిపోయేవాళ్లు కొందరు. ఆ నలుగురిలో తెలుగువాడుంటే కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు రాక తప్పదు. గదగ్‌లో పుట్టిన భీంసేన్ జోషితో ఆయన పాడిన కచేరీలకు సాటి లేదని పట్టుబడతాడు.

ఈ వాదన సాధారణంగా కచేరీ చివరి పావుగంట చుట్టూ తిరుగుతుంది. సవాల్-జవాబ్ ఊపందుకుంటుంది. ఒకరు వేసిన సంగతిని రెండోవారు అంతే వేగంగా తిప్పి కొడతారు, హాలంతా చప్పట్లతో మోగిపోతుంది. ఎవరిది పైచేయి అన్న లెక్కలు అక్కడే మొదలవుతాయి. ఆ ఘట్టంలో అందం లేదని కాదు. కానీ జుగల్బందీ సత్తా తేలేది అక్కడ కాదు, మొదటి ఆలాపనలో. అప్పటికి తాళం ఉండదు, తబలా ఉండదు, తడబాటును కప్పిపుచ్చే చప్పుడు ఏదీ ఉండదు. ఒకరు గాంధారం మీద నిలిచి ఉన్నప్పుడు రెండోవారు ఏం చేస్తున్నారు? ఆ గాంధారాన్ని అక్కడే అందుకుని ముందుకు నడిపారా, లేక తమ వంతు రాగానే ఇంట్లో సాధన చేసుకొచ్చింది వల్లించారా? జుగల్బందీని తూచాల్సింది ఈ తక్కెడలోనే.

మామూలు కచేరీలో ఈ పరీక్ష ఉండదు. పక్కవాద్యం వయొలిన్ గాత్రాన్ని నీడలా వెంబడిస్తుంది, దారి వేసేది మాత్రం గాయకుడే. రాగాన్ని ఎక్కడ మొదలెట్టాలి, ఏ స్వరం దగ్గర ఎంతసేపు ఆగాలి, తారస్థాయికి ఎప్పుడు ఎక్కాలి అన్నది ఆయన ఇష్టం. జుగల్బందీలో ఇద్దరూ ప్రధానులే. ఒకరు మంద్రస్థాయిలో నెమ్మదిగా విస్తరిస్తుంటే రెండోవారు తొందరపడి తారషడ్జం తాకారంటే, మొదటివారు కట్టుకుంటూ వస్తున్నదంతా కూలిపోతుంది. అందుకే ఏకాంతంగా గొప్పగా వాయించే విద్వాంసులు కూడా జంటగా కూర్చుంటే ఒక్కోసారి తేలిపోతారు.

ఈ కోణంలో చూస్తే మైహర్ జంటదే అగ్రస్థానం. 1938లో రవిశంకర్, తన అన్న ఉదయ్ శంకర్ నృత్య బృందాన్ని వదిలేసి, ఇప్పటి మధ్యప్రదేశ్‌లో ఉన్న మైహర్‌కు, అల్లావుద్దీన్ ఖాన్ దగ్గరికి చేరారు. అలీ అక్బర్ ఆ గురువు కుమారుడే. అలా ఇద్దరికీ ఒకే తాలీం దొరికింది, ఒకే ఇంట్లో, ఒకే కఠిన క్రమశిక్షణ కింద. రాగాన్ని ఏ వరుసలో విప్పాలన్నది ఇద్దరి ఒంట్లోనూ ఒకేలా ఇంకిపోయింది. చేతిలో వాద్యాలు మాత్రం వేరు. సితార్‌కు మెట్లుంటాయి. మెట్టు మీద తీగను పక్కకు లాగి మీండ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) పలికించాలి. సరోద్‌కు మెట్లు లేవు. నున్నటి ఉక్కు పలక మీద తీగను గోటితో నొక్కి జార్చాలి. అందువల్ల ఒకే సంగతి సితార్ మీద మెరుస్తూ, సరోద్ మీద గంభీరంగా, రెండు రకాలుగా వినిపిస్తుంది. స్వభావాలూ వేరే. రవిశంకర్‌కు లయ విన్యాసాల మీద మక్కువ, వాక్యాన్ని పొడిగిస్తూ పోతారు. అలీ అక్బర్ మూడు స్వరాల్లో మాట ముగించి ఊరుకోగలరు. ఒకరు ఎక్కువ చెప్పినచోట రెండోవారు తక్కువ చెబుతారు. ఒకే పాఠం నేర్చిన ఇద్దరు వేర్వేరు మనుషులు వాళ్లు. జుగల్బందీకి అంతకన్నా మంచి పొత్తు దొరకదు.

1972 సెప్టెంబరు 6న అల్లావుద్దీన్ ఖాన్ కన్నుమూశారు. నెల తిరిగేసరికి, అక్టోబరు 8న, ఈ ఇద్దరు శిష్యులు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ హాల్ వేదిక మీద కూర్చున్నారు. తబలా అల్లా రఖా. ఎంచుకున్నది హేమ్ బిహాగ్, తమ గురువు సృష్టించిన రాగమే. తర్వాత మాంజ్ ఖమాజ్, సింధు భైరవి. బీటిల్స్ బృందం స్థాపించిన ఆపిల్ రికార్డ్స్ మరుసటి ఏడాది ఈ కచేరీని రెండు ఎల్‌పీలుగా విడుదల చేసింది. హేమ్ బిహాగ్ ఆలాపనను శ్రద్ధగా వింటే సితార్ ఆగినచోటు నుంచే సరోద్ అందుకోవడం, ఒక్కోసారి అదే స్వరాన్ని కింది స్థాయిలో పలికి దానికి అడుగు వేయడం తెలుస్తుంది. సవాల్-జవాబ్ ఆ రికార్డులోనూ ఉంది, రంజుగానే ఉంది. కానీ దాన్ని మళ్లీ మళ్లీ వినబుద్ధయ్యేది ఈ మొదటి భాగం కోసమే.

శివకుమార్-హరిప్రసాద్ జంటకు వాద్యాలే చిక్కు తెచ్చిపెట్టాయి, వాద్యాలే దారీ చూపాయి. సంతూర్ మీద స్వరాన్ని చెక్క కర్రలతో తట్టి మోగిస్తారు. మోగిన స్వరం కాసేపటికే ఆరిపోతుంది, దాన్ని వంచడానికి వీల్లేదు. మీండ్ లేకుండా హిందుస్తానీ రాగం పలికేదెలా అని శివకుమార్ శర్మ చాలాకాలం విమర్శలు ఎదుర్కొన్నారు. వెదురు వేణువు స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది, కావలసినట్టు జారుతుంది. సంతూర్ చుక్కలు పెడుతూ పోతే వేణువు వాటిని కలిపే గీత గీస్తుంది. 1967లో బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్‌తో కలిసి ఇద్దరూ చేసిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’లో ఈ పొత్తు స్పష్టంగా వినిపిస్తుంది. లోయలో ఒక పశులకాపరి గడిపిన రోజును ఉదయం ఆహిర్ భైరవ్‌తో మొదలుపెట్టి, వేళకు తగ్గ రాగాలతో రాత్రి దాకా నడిపించారు. తర్వాత ‘శివ్-హరి’ పేరుతో ‘సిల్‌సిలా’, ‘చాందినీ’ సినిమాలకు సంగీతం కూర్చారు. ఆ పాటల వల్ల వాళ్ల శాస్త్రీయ జుగల్బందీని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు. అది న్యాయం కాదు.

బాలమురళి, భీంసేన్‌ల సంగతి వేరు. అక్కడ గురువులు వేరు, భాష వేరు, సంప్రదాయమే వేరు. బాలమురళి విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులు. భీంసేన్‌ది కిరానా ఘరానా, గురువు సవాయీ గంధర్వ. హిందోళాన్నే తీసుకుంటే, స గ మ ధ ని అనే అయిదు స్వరాలూ హిందుస్తానీ మాల్కౌంస్‌లో అవే. కాగితం మీద రెండూ ఒకటే. పంచమం లేదు కనుక హిందుస్తానీలో తంబురా తీగను మధ్యమానికి కలుపుతారు. గొంతులోకి వచ్చేసరికి దారులు వేరవుతాయి. హిందోళంలో గాంధారం, నిషాదం గమకంతో ఊగుతాయి. మాల్కౌంస్‌లో అదే గాంధారం మధ్యమం మీంచి మీండ్‌గా మెల్లగా దిగుతుంది. ఇద్దరూ ఎవరి పద్ధతిలో వారు పాడితే శ్రోత చెవికి రెండు రాగాలు వినిపిస్తాయి. ఒకరు మరొకరిని అనుకరిస్తే ఇద్దరి సంగీతమూ పలచబడుతుంది. ఈ రెంటికీ మధ్య ఇరుకు దారిలో నడవాలి.

తాళంలో ఇంకో పేచీ. విలంబిత ఏక్‌తాల్‌లో పన్నెండు మాత్రల ఒక్క ఆవర్తనం తిరిగి రావడానికి దాదాపు నిమిషం పట్టవచ్చు. రెండు కళల ఆదితాళం అంతకు చాలా ముందే చుట్టు ముగిస్తుంది. తబలా ఎప్పుడూ ఠేకా పలుకుతూ ఆవర్తనం ఆకారాన్ని చెవికి చూపిస్తుంది. మృదంగానికి ఠేకా లేదు, అది సాహిత్యం నడకను బట్టి సాగుతుంది, తాళం గాయకుడి చేతిలో ఉంటుంది. అందుకే మిశ్రమ జుగల్బందీల్లో మధ్యలయ తీన్‌తాల్, ఆదితాళం ఎక్కువగా వినిపిస్తాయి. పదహారు మాత్రలు రెండు ఎనిమిదులుగా సరిపోతాయి. పది మాత్రల ఝప్‌తాల్‌లో ఖండచాపు రెండుసార్లు ఇముడుతుంది. ఇద్దరూ చేతులు కలపడానికి అన్నిటికన్నా వీలైన చోటు ముక్తాయింపు. ఒకే పదబంధాన్ని మూడుసార్లు పలికి సమం మీద దిగే హిందుస్తానీ తిహాయి, మన మృదంగం వేసే తీర్మానం ఒకే లెక్క మీద నడుస్తాయి.

ఇక్కడ ఒక పాత బంధం గుర్తుచేసుకోవాలి. భీంసేన్ గురువుకు గురువైన అబ్దుల్ కరీం ఖాన్ మైసూరు ఆస్థానంలో పాడుతూ దక్షిణాది సంగీతాన్ని ఇష్టంగా విన్నారు. త్యాగరాజు ఖరహరప్రియ కృతి ‘రామ నీ సమానమెవరు’ను తెలుగులోనే రికార్డు కూడా ఇచ్చారు. ఖయాల్‌లో ఆయన పాడిన సర్‌గమ్ మీద మన కల్పనస్వరాల ప్రభావం ఉందని సంగీతజ్ఞులు చెబుతారు. 1937లో దక్షిణాదిలో ప్రయాణంలోనే ఆయన ప్రాణం పోయింది. కాబట్టి బాలమురళి పక్కన కూర్చున్న భీంసేన్ దక్షిణాదికి కొత్త చుట్టం కాడు. బాలమురళి కూడా మూడు స్థాయిల్లోనూ తేలిగ్గా తిరిగే గొంతుతో, ఊపు తగ్గించి స్వరాన్ని నిలకడగా పట్టగల నేర్పుతో అవతలి ఒడ్డుకు సగం దూరం వెళ్లగలిగారు. హరిప్రసాద్ చౌరాసియాతో, కిశోరీ అమోణ్కర్‌తో కూడా ఆయన జుగల్బందీలు చేశారు. 1988లో దూరదర్శన్ ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ ప్రసారం చేసినప్పుడు అందులో బాలమురళి, భీంసేన్ ఇద్దరూ కనిపించారు. శుద్ధమైన జుగల్బందీగా మైహర్ జంటదే పైమెట్టు అనుకున్నా, కష్టంలో మాత్రం బాలమురళి, భీంసేన్‌ల పనే పెద్దది.

ఇక దేశాలు దాటిన పొత్తుల్లో, పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్, రవిశంకర్ కలిసి 1967లో ఇచ్చిన ‘వెస్ట్ మీట్స్ ఈస్ట్’కు గ్రామీ వచ్చింది, ప్రపంచమంతా చెవి ఒగ్గింది. చారిత్రకంగా దాని విలువ పెద్దది. అయితే మెనూహిన్ వాయించింది ముందే రాసి ఇచ్చిన స్వరాలను. మనోధర్మం లేనిచోట దాన్ని జుగల్బందీ అనడం కుదరదు.

ఆడగొంతు, మగగొంతు కలవాలంటే ముందు శ్రుతి అడ్డొస్తుంది. మగవారికి ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయి. ఆడవారికి అయిదుకు అటూ ఇటూ. ఎవరో ఒకరు గొంతు బిగబట్టాల్సిందే. పండిత్ జస్రాజ్ దీనికి ‘జస్రంగీ’ అనే ఉపాయం కనిపెట్టారు. ఆయనకు హైదరాబాద్‌తో గట్టి అనుబంధం. తండ్రి మోతీరామ్ 1934లో ఇక్కడే కన్నుమూశారు. తండ్రి పేరిట, అన్న మణిరామ్ పేరిట జస్రాజ్ ఏటా ఈ నగరంలోనే సంగీతోత్సవం నడిపారు. జస్రంగీలో గాయకుడి మధ్యమం గాయనికి షడ్జం అవుతుంది. గాయకుడు శుద్ధసావేరి (హిందుస్తానీలో దుర్గా) పాడితే ఆయన స్వరాలు స రి మ ప ధ. ఆయన మధ్యమాన్ని ఆమె షడ్జంగా పట్టుకుంటే ఆయన మ ప ధ స రి ఆమెకు స రి గ ప ధ అవుతాయి, అంటే మోహనం. ఇద్దరూ చెరో రాగం పాడుతున్నా వేదిక మీద మోగుతున్నవి అవే అయిదు స్వరస్థానాలు. మన గ్రహభేదం వేదిక మీద ప్రాణం పోసుకున్నట్టే. అశ్వినీ భిడే దేశ్‌పాండే, సంజీవ్ అభ్యంకర్ ఈ పద్ధతిలో పాడిన కచేరీలు వింటే లెక్క ఎక్కడా తగలదు, రెండు రాగాల ఛాయలు ఒకదాని మీద ఒకటి వాలుతుంటాయి.

ఇప్పటి ఉత్సవాల్లో జుగల్బందీలకు కొదవ లేదు. రెండు పెద్ద పేర్లు కరపత్రం మీద పడితే టికెట్లు అమ్ముడవుతాయి. ఆ ఇద్దరూ ఆ సాయంత్రానికి ముందు ఒక్కపూటైనా కలిసి కూర్చున్నారా అన్నది నిర్వాహకులకు పట్టదు. ఫలితంగా ఆలాపన చెరో అయిదు నిమిషాల్లో ముగుస్తుంది, మిగతాదంతా సవాల్-జవాబే. గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో 1970ల్లో మొదలైన ‘శక్తి’ బృందం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. మనుషులు మారుతూ, మధ్యలో ఏళ్ల తరబడి ఆగుతూ సాగింది. వినాయక్‌రామ్ కుమారుడు సెల్వగణేష్, శంకర్ మహదేవన్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్ తర్వాత కలిశారు. 2023లో వచ్చిన వాళ్ల ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్‌కు 2024 ఫిబ్రవరిలో గ్రామీ దక్కింది. అప్పటికి మెక్‌లాఫ్లిన్, జాకిర్ కలిసి వాయించడం మొదలుపెట్టి అయిదు దశాబ్దాలు కావస్తోంది.