చెయ్యి చూచేవాడు, చెయ్యి చూపేవాడు

హస్తసాముద్రికం మీద విమర్శ రాయబోతున్నానంటే మిత్రులు రెండు రకాలుగా అడ్డు తగిలారు. చచ్చిన పామును మళ్లీ కొట్టడమెందుకని కొందరన్నారు. ప్రజల నమ్మకాల జోలికి పోయి వాళ్లను దూరం చేసుకోవద్దని మరికొందరన్నారు. పాము చావలేదు, కుబుసం మాత్రమే విడిచిందని మొదటివారికి నా జవాబు. ఆ సంగతి చివర చెబుతాను. ఇక రెండోవారు, యీ శాస్త్రాన్ని పుట్టించి పోషించింది ప్రజలేనని పొరబడుతున్నారు. గ్రంథాలు తిరగేస్తే అలా కనిపించదు.

సముద్రుడు చెప్పాడు గనుక సాముద్రికమని వాడుక. శరీర లక్షణాలను చూచి ఫలం చెప్పే విద్య మన దేశంలో చాలా పాతది. దానిమీద అనుమానమూ అంత పాతదే. దీఘనికాయంలోని బ్రహ్మజాలసుత్తంలో భిక్షువు మానుకోవలసిన నీచవిద్యల పట్టిక వుంది. అందులో అంగలక్షణాలు చూచి చెప్పడం ఒకటి. మనుస్మృతి ఆరో అధ్యాయం కూడా సన్యాసి అంగవిద్య చెప్పి భిక్ష సంపాదించకూడదంటుంది. బుద్ధుడికీ మనువుకీ పొత్తు కుదిరిన విషయాలు ఎన్నో లేవు, యిదొకటి! అయితే గృహస్థులకూ రాజులకూ యీ నిషేధం లేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుషలక్షణానికి ఒక అధ్యాయం, కన్యాలక్షణానికి మరొక అధ్యాయం కేటాయించాడు.

ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవమని విద్యార్థులకు నా సలహా. పురుషలక్షణంలో, మణికట్టు నుంచి మూడు రేఖలు అరచేతిలోకి సాగితే రాజవుతాడు. శంఖం, గొడుగు, పల్లకి, ఏనుగు, గుర్రం, పద్మం వంటి ఆకారాలున్నా రాజే. ఆయుధాల ఆకారాలుంటే సేనాపతి. యజ్ఞం చేసేవాడికీ ధనికుడికీ వేరే గుర్తులున్నాయి. అరచేతిలో వెదికే బొమ్మలన్నీ అప్పటికే రాజు ముంగిట వున్న వస్తువులన్నమాట. దరిద్రుడూ వస్తాడు కాని శుభలక్షణాలు లేనివాడుగా వస్తాడు. ఫలానా గీత వున్న పాలేరుకు యజమాని గింజలు సరిగా కొలుస్తాడనే మాట నాకెక్కడా కనబడలేదు. సమాజంలో వున్న అంతస్తును తీసుకెళ్లి చర్మంలో పెట్టి, మళ్లీ చర్మంలోంచే దాన్ని చదివి చూపడం యీ అధ్యాయం చేసిన పని. అంతస్తు మనుషులు ఏర్పరిచినదని తెలిస్తే మార్చవచ్చుననిపిస్తుంది. ఒంటిమీద గీతగా వున్నదని నమ్మితే మార్చాలన్న వూహే రాదు.

కన్యాలక్షణం దీనికంటే ఘోరం. పురుషుడి గుర్తులు అతని సంపదను చెబుతాయి. స్త్రీ గుర్తుల్లో చాలా భాగం ఆమె మొగుడి ఆయుస్సునూ ఆమె శీలాన్నీ చెబుతాయి. కాలి రెండోవేలు బొటనవేలిని మించి పొడుగైతే ఆమె నడత మంచిది కాదట. పెళ్లిచూపుల్లో పిల్లను అటూ యిటూ నడిపించి పాదాలకేసి చూచే పెద్దమ్మలు వరాహమిహిరుణ్ణి చదివినవారు కారు. ఆయన అధ్యాయం మాత్రం వాళ్ల కళ్లలో వుంది. రేపు భర్త పోతే దానికి జ్వరమూ కారణం కాదు, వైద్యుడు లేకపోవడమూ కారణం కాదు. కాలివేలు కారణం.

ఇక ఆయుర్రేఖ. బొటనవేలి మొదలును చుట్టి మణికట్టుకు దిగే గీతను యీనాడు అందరూ ఆయుర్రేఖ అంటున్నారు. బృహత్సంహిత లెక్క అది కాదు. చిటికెనవేలి కింద మొదలై చూపుడువేలి వైపు సాగే గీత ఆయుస్సును చెబుతుంది. అది చూపుడువేలిని చేరితే నూరేళ్లు. అదే గీతను నేటి పుస్తకాలు హృదయరేఖ అంటున్నాయి, ప్రేమల లెక్క అక్కడ చూడమంటున్నాయి. చెయ్యి అదే, గీతా అదే. ఒకరికి ఆయుస్సు, యింకొకరికి వలపు. వేర్వేరు వైద్యులు ఒకే అవయవాన్ని ఒకరు గుండె అనీ, ఒకరు కాలేయమనీ అంటే మనం వాళ్లచేత కత్తి పట్టనిస్తామా?

ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చింది? మహర్షి ప్రోక్తమని అట్టమీద వేసుకునే బజారు పుస్తకాల్లో వేళ్ల మొదళ్ల కింద గురుస్థానం, శనిస్థానం, రవిస్థానం, బుధస్థానం వుంటాయి. వరాహమిహిరుడి హస్తలక్షణాల్లో యీ ఏర్పాటు లేదు. ఇది యూరపు గ్రంథాల ఏర్పాటు. దార్పాంతిన్యీ 1839లోనూ, దెబారోల్ 1859లోనూ ఫ్రెంచిలో యీ విద్యకు కొత్త దుస్తులు కుట్టారు. తరవాత కీరో వచ్చాడు. ఆయన అసలు పేరు విలియం జాన్ వార్నర్, ఐర్లండువాడు (1866-1936). తాను కొంకణ తీరంలో ఒక బ్రాహ్మణుడి దగ్గర యీ విద్య నేర్చానని లండనులో చెప్పుకున్నాడు. భారతదేశం పేరు చెబితే అక్కడ సరుకు అమ్ముడుపోయింది. ఆంగ్లంలో అచ్చయింది గనుక అదే సరుకు యిక్కడ మన ప్రాచీన శాస్త్రంగా చెల్లుబాటైంది. సొంత సంప్రదాయాన్ని కాపాడుతున్నామనుకునేవాళ్లు చాలామంది కాపాడుతున్నది కీరోనే!

శాస్త్రం సంగతి యిలా వుంటే, మరి చెప్పినవి జరుగుతున్నాయి కదా అని అడుగుతారు. దీనికి అన్నిటికంటే పాత జవాబు కౌటిల్యుడిది. 1905లో శ్యామశాస్త్రి మైసూరులో వెలికితీసి, 1909లో అచ్చు వేయించిన అర్థశాస్త్రం మొదటి అధికరణంలో తాపసవేషం వేసిన గూఢచారి వస్తాడు. ఊరి దాపున మకాం పెట్టి, నెలకో రెండు నెలలకో పిడికెడు ఆకుకూర నలుగురూ చూస్తుండగా తింటాడు, చాటున కావలసింది తింటాడు. వర్తకుల వేషంలోని సాటి వేగులు అతన్ని సిద్ధుడని పొగుడుతారు. జనం వస్తే అంగవిద్య నడిపిస్తూ, శిష్యులిచ్చే సంజ్ఞలను బట్టి వాళ్ల యింటి సంగతులు చెబుతాడు. కొద్ది లాభం కలుగుతుందనీ, నిప్పంటుకుంటుందనీ, దొంగల భయముందనీ, రాజు ఫలానాది చేస్తాడనీ అంటాడు. ఆ తరవాత వేగులు ఆ పనులు జరిపించి పెడతారు. రాజనీతిజ్ఞుడు ఏ మొగమాటమూ లేకుండా చెప్పిన మాట యిది. జోస్యం ఫలించడానికి రెండు దారులున్నాయి: ముందే తెలుసుకోవడం, తరవాత చేయించడం. గీతకు యీ రెండింటిలోనూ పని లేదు.

మన కథల్లోనూ దీని జాడ వుంది. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు యింటికి పోయి పద్మావతి పెళ్లిని గురించి ఎరుక చెప్పిన కథ తెలియని తెలుగువాడు లేడు. ఆ ఎరుక తప్పే ప్రసక్తే లేదు, చెప్పింది పెళ్లికొడుకే! భక్తులు దీన్ని లీలగా చూస్తారు, నాకభ్యంతరం లేదు. కాని చెప్పేవాడే చేసేవాడైనప్పుడు ఎరుక నిజమౌతుందని కథ కల్పించినవాడికి తెలుసు.

అసలు ఎరుకలసానికి మాత్రం అలాంటి అధికారం ఏనాడూ లేదు. పైగా చేతుల చరిత్రలో ఆమెకు జరిగిన అన్యాయం వేరు. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి చేత ఒప్పందం కాగితం వెనక అరచెయ్యి మొత్తం సిరాతో వేయించాడు. తరవాత సంతకం నాది కాదని బుకాయించకుండా భయపెట్టడానికే అలా చేశానని ఆయనే రాసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. వర్గీకరణ పద్ధతిలో అసలు శ్రమ అజీజుల్ హక్‌ది, హేమచంద్ర బోసుది. పేరు మాత్రం పై అధికారి హెన్రీది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం నమోదైన జాతులవారి వేలిముద్రలు తీసుకునే హక్కు ప్రభుత్వానికిచ్చింది. ఎరుకలవారు ఆ జాబితాకెక్కారు. 1913లో గుంటూరు జిల్లా స్టూవర్టుపురంలో వాళ్లను పెట్టడానికి సెటిల్‌మెంటు ఏర్పడింది. ఊళ్లో వాళ్ల చేతులు చూచి గుప్పెడు గింజలు తెచ్చుకునే మనిషి చేతినే దొరతనం పట్టుకుని సిరా పూసింది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయ్యేదాకా పుట్టుకే నేరం. అందుచేత మూఢనమ్మకాల ఖండన పేరుతో గంప నెత్తిన పెట్టుకు తిరిగే ఆ స్త్రీని ఎగతాళి చేసేవాళ్ల పక్కన నేను నిలబడలేను. ఏ.సి. గదిలో కూర్చున్న హస్తసాముద్రిక సమ్రాట్టు వేరు, ఆమె వేరు.

ఇక ప్రామాణికత. అరచేతి ప్రధాన రేఖలు బిడ్డ గర్భంలో వుండగా మూడో నాలుగో నెలకే ఏర్పడతాయి. చెయ్యి ముడుచుకునే చోట చర్మం మడత పడడానికి అవి కీళ్లు. కొన్ని జన్యుదోషాల్లో అరచెయ్యి పొడుగునా ఒకే అడ్డగీత తరచుగా కనిపించే మాట నిజమే. కాని ఆ గీత ఆరోగ్యవంతుల్లోనూ వుంటుంది గనుక వైద్యుడు గీతతో ఆగడు, రక్తం తీసి క్రోమోజోములు చూస్తాడు. ఇంకో నిజం కూడా దాచను. 1990లో ఇంగ్లండులో కొందరు వైద్యులు నూరు మృతదేహాల చేతులు కొలిచి, ఎక్కువకాలం బతికినవారికి ఆయుర్రేఖ పొడుగ్గా వుందని ప్రకటించారు. ముసలితనంలో చర్మం ముడతలు పడి గీతలు సాగవా? వాళ్లు కొలిచింది పుట్టిననాటి చేతులను కాదు. బతికాక పడిన గీతను చూచి బతుకుతాడని చెప్పడం జోస్యం కాదు.

రే హైమన్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడి అనుభవం నాకు వీటికంటే ముఖ్యం. ఆయన చదువుకునే రోజుల్లో చేతులు చూచి డబ్బు సంపాదించేవాడు, తన విద్యను నమ్మేవాడు కూడా. ఒక మిత్రుడి సలహాతో గీతలు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఫలాలు చెప్పి చూచాడు. వచ్చినవాళ్లు ఎప్పటిలాగే ఆశ్చర్యపోయారు! 1948లో ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వారి వారి స్వభావవర్ణన అని చెప్పి ఒకే కాగితం పంచితే, అది తమకెంత సరిపోయిందో వాళ్లు 5కి సగటున 4.26 మార్కులు వేశారు. భాష బోధించేవాడిగా నాకిది ఆసక్తి కలిగించింది. "మీరు మాట కటువు, మనసు మెత్తన. నలుగురికీ చేసినా పేరు రాదు." ఈ వాక్యం కాదనే మనిషిని మా కాలేజీ మొత్తం మీద వెదకండి చూద్దాం. అర్థంలో సగం వినేవాడు పూరిస్తున్నాడు.

పాము కుబుసం విడిచిందన్నాను. ఇప్పుడు వేలిముద్రలను యంత్రంతో తీసి, బిడ్డ మెదడులో ఏ భాగం బలమైనదో, ఏ కోర్సు నప్పుతుందో చెప్పే "డి.ఎం.ఐ.టి." పరీక్షను తల్లిదండ్రులకు అమ్ముతున్నారు. గర్భంలో చర్మమూ మెదడూ ఒకే పొర నుంచి పుడతాయి గనుక వేలు చూస్తే మెదడు తెలుస్తుందని వాదం. ఒకే మట్టితో చేశారని కుండను చూచి యిటుకల లెక్క చెప్పినట్లుంది. ఒక్కొక్క వేలికి మెదడులో ఒక్కొక్క భాగాన్ని కేటాయించారు. గురుడూ శనీ లేచిపోయిన పీఠాల మీద యివి వచ్చి కూర్చున్నాయి, అంతే. నా విద్యార్థిని ఒకతె తెలుగు ఎం.ఏ. చేరతానంటే, భాషలో బలం లేదని నివేదిక వచ్చిందని తండ్రి కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి మూడేళ్ల జవాబు పత్రాలు మా దగ్గరే వున్నాయి. వాటిని ఆయన అడగలేదు.

2001లో యు.జి.సి. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టబూనినప్పుడు హైదరాబాదు శాస్త్రజ్ఞుడు పి.ఎం. భార్గవ కోర్టుకెక్కాడు. 2004లో సుప్రీంకోర్టులో ఆ కేసు ఓడిపోయింది. కోర్టులో ఓడిన వాదాన్ని తరగతిలో వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోరర్ చేసిన పనికి కావలసింది ఒక పేజీ, ఒక తరగతి, ఒక గంట. సాటి అధ్యాపకులు వచ్చే టర్ములో దీన్ని తెలుగులో చేసి, మీ విద్యార్థులు ఎన్ని మార్కులు వేశారో యీ పత్రికకు రాయండి.