ఖాళీ వేరు, సున్నా వేరు

వెబ్ అప్లికేషన్ పనితీరును గ్రాఫులుగా చూపే మానిటరింగ్ ప్యానెల్ ఖాళీగా కనిపించినప్పుడు, ఏమీ జరగలేదా, జరిగినది దానికి తెలియలేదా అన్నది తెరను చూసి మాత్రమే తేల్చలేరు. గంటసేపు ఒక్క లోపమూ నమోదు కాకపోతే రావలసినది సున్నా దగ్గర సాగే గీత. కొలతే అందకపోతే గీత ఉండకూడదు. చాలా అప్లికేషన్లు ఈ రెండింటినీ కలిపేస్తాయి, చూసేవారు తమకు నచ్చిన అర్థం తీసుకుంటారు.

ఈ పొరపాటు ఖరీదు ఒహాయో రాష్ట్రానికి బాగా తెలుసు. 2003 ఆగస్టు 14 మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాల తరువాత, ఆక్రాన్‌లోని ఫస్ట్ఎనర్జీ విద్యుత్ నియంత్రణ గదిలో హెచ్చరికల సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. రెండు ప్రక్రియలు ఒకే సమాచారాన్ని ఒకేసారి మార్చబోయి చిక్కుపడే రేస్ కండిషన్ అనే లోపం దానికి మూలమని తరువాత తేలింది. డబ్లిన్ పట్టణం పక్కనే ఉన్న కొలంబస్ కేంద్రంగా నడిచే అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ నుంచి, ఇరు సంస్థలను కలిపే లైను తెగి మళ్ళీ కలిసిందని ఫోను వచ్చినా, హెచ్చరిక కనిపించని ఆపరేటర్లు దాన్ని పట్టించుకోలేదు. చెట్లు తగిలి ఒక్కొక్క లైనూ పడిపోతూ ఉండగా, సాయంత్రం 4 దాటేసరికి అమెరికా, కెనడాలలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

వెబ్ ప్యానెల్ విషయంలో వెతుకులాట బ్రౌజర్ దగ్గర మొదలుపెట్టడమే మేలు, ఎందుకంటే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ ఒక్క చూపులో సగం అనుమానాలను కొట్టేస్తుంది. అభ్యర్థన బయలుదేరనే లేదంటే ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్‌నో, పేజీలోని స్క్రిప్టునో అనుమానించాలి. 401 వంటి సంఖ్య కనిపిస్తే లాగిన్ గడువు చూడాలి. అసలు చిక్కంతా 200 అనే విజయ సంకేతంతో ఖాళీ జాబితా వచ్చినప్పుడే, ఎందుకంటే అక్కడ ఎవరూ తప్పు ఒప్పుకోరు.

అప్పుడు ముందుగా చూడవలసినది కాలం. యూనిక్స్ పద్ధతిలో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో లెక్కిస్తారు, జావాస్క్రిప్ట్ మాత్రం మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది. కాబట్టి 2023 నవంబరు 14 నాటి 1700000000 అనే సెకన్ల సంఖ్యను మిల్లీసెకన్లుగా చదివితే ఆ కొలత 1970 జనవరి 20న పోయి కూర్చుంటుంది. డేటా భద్రంగానే ఉంటుంది గానీ, గత గంటను చూపే ప్యానెల్‌లో దానికి చోటుండదు. హైదరాబాద్ బృందం నింపే డేటాను డబ్లిన్‌లో చూసేచోట మరో తంటా ఉంది: రెండు ఊళ్ళ మధ్య తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కావడంతో, యూటీసీకి మార్చకుండా స్థానిక సమయాన్నే నిల్వ చేసిన పట్టిక భవిష్యత్తులోకి జారిపోతుంది.

కాలం సరిగానే ఉంటే, ఇక పేర్ల వంతు. సర్వర్ కొత్త వెర్షన్‌లో కొలతకు తగిలించిన లేబుల్ పేరు మారి, ప్యానెల్‌లోని ప్రశ్న పాత పేరునే అడుగుతూ ఉంటే, అది నిజాయితీగా ఏమీ దొరకలేదనే చెబుతుంది. వివరాలకు ఉమ్మడి పేర్లు ఉండాలన్న ఆలోచనతో 1995లో ఇదే డబ్లిన్‌లో గ్రంథాలయ, కంప్యూటర్ నిపుణులు సమావేశమై రూపొందించినదే ఆ ఊరి పేరుతో ప్రసిద్ధమైన డబ్లిన్ కోర్. మానిటరింగ్ రంగం ఆ క్రమశిక్షణను ఇంకా పూర్తిగా అలవరచుకోలేదనే చెప్పాలి.

ప్రొమీథియస్ వాడేవారికి మరో మెలిక ఉంది. పెరుగుదల వేగాన్ని లెక్కించే రేట్ అనే ఫంక్షన్‌కు ఇచ్చిన వ్యవధిలో కనీసం రెండు కొలతలు కావాలి. కొలతలు నిమిషానికి ఒకసారి వస్తుండగా వ్యవధినీ ఒక నిమిషమే పెడితే, సర్వర్ నిక్షేపంగా ఉన్నా గీత రాదు.

కొలత రావడం ఆగితే కేకవేయడానికి ప్రొమీథియస్‌లోనే ఆబ్సెంట్ అనే ఫంక్షన్ ఉంది; దాన్ని వాడని హెచ్చరిక సగం హెచ్చరికే. ప్యానెల్ తయారుచేసేవారు ప్రతి గ్రాఫు కిందా చివరి కొలత అందిన సమయాన్ని చూపించి తీరాలి.