డీజిల్ గ్రంథంలో వాయువున్నది, ఇనుమేది?

రుడాల్ఫ్ డీజిల్ 1893లో బెర్లినులో ప్రకటించిన చిన్న గ్రంథాన్ని ఉష్ణగతిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినదే. సాధారణ ఆవిరియంత్రాలు బొగ్గులోని శక్తిలో పదోవంతును పనిగా మార్చడమే గగనమైన రోజులవి. గాలిని 250 వాతావరణాల పీడనానికీ, 800 డిగ్రీల వేడికీ నొక్కి, అందులో ఇంధనాన్ని కొద్దికొద్దిగా మండించినచో 73 శాతం దక్షత సాధ్యమని అతడు కార్నో సూత్రం ఆధారంగా లెక్క తేల్చాడు.

కాని ఆ లెక్క వాయువుది. వాయువును పట్టి ఉంచే ఇనుము మాటేమిటి? సిలిండరును నీటితో చల్లబరచనక్కరలేదని గ్రంథకర్త వాదన. నా దృష్టిలో గ్రంథమంతటిలో బలహీనమైన భాగమిదే. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గులో మొదటి యంత్రానికి ఇంధనం అందించగానే పీడనం సుమారు 80 వాతావరణాలకు ఎగసి, పీడనాన్ని కొలిచే పరికరం పేలిపోయింది. తరువాతి యంత్రానికి నీటి తొడుగు తప్పలేదు. 250 వాతావరణాల ఆశ 30, 40 మధ్యకు దిగింది. 1897లో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించినప్పుడు దక్షత 26.2 శాతం. ఆనాటికది గొప్ప విజయమే.

విచారించవలసినదేమంటే, మన పాఠ్యగ్రంథాలు కూడా ఆ మార్గాననే నడుస్తున్నాయి. పీడన-ఘనపరిమాణ పటం గీసి, నాలుగు ఘట్టాలకు పేర్లు పెట్టి ఊరుకుంటాయి. ఇంజను బ్లాకు పగులుతుందన్న సంగతి ఊరి మెకానికుకు తెలుసు, విద్యార్థికి తెలియదు.

తరగతిలో ఈ చిన్న లెక్క చేయించి చూడండి. సిలిండరు వ్యాసం 100 మిల్లీమీటర్లు, గరిష్ఠ పీడనం 150 వాతావరణాలు అనుకుందాం. పిస్టను మీద పడే బలం దాదాపు 12 టన్నుల బరువు. అంతే బలం పైమూతను పైకి నెట్టుతుంది. పైమూత బోల్టులు బ్లాకును పైకి, క్రాంకుషాఫ్టు బేరింగులు కిందికి లాగుతాయి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు ఘట్టాల యంత్రంలో ప్రతి సిలిండరు వద్ద ఈ లాగుడు గంటకు 45,000 సార్లు. బేరింగు బోల్టు రంధ్రాల అంచున పగులు పుట్టడంలో వింతేమున్నది?

పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. దానిలోని గ్రాఫైటు పలచని రేకులుగా ఉంటుంది. ఒక్కొక్క రేకు ముందే సిద్ధంగా ఉన్న చిన్న పగులు వంటిది. దీనికి వేడి తోడవుతుంది. వ్యాకోచానికి చోటులేని పోత ఇనుములో 100 డిగ్రీల తేడా వస్తే, పుట్టే ప్రతిబలం దాని తనన బలంలో సగాన్ని అందుకోగలదు. ఉడుకుతున్న ఇంజనులో చన్నీళ్లు పోసే తొందర మనుషులకు ఈ మాట ఎవరైనా చెప్పాలి!

అయితే గోడలను మందం చేస్తే సరిపోదా? సరిపోదు. గోడ మందమైన కొద్దీ లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతల తేడా పెరుగుతుంది. బలం మందంలో కంటె ఆకారంలో ఎక్కువగా ఉన్నది. పదునైన మూలలను గుండ్రం చేయడం, పక్కటెముకల వంటి పట్టీలు పోయడం, బేరింగు మూతలను పక్కనుంచి కూడా బోల్టులతో బిగించడం, మూతలన్నిటినీ ఒకే చట్రంతో కలపడం ఇందుకే.

రెండవ మార్గం ఇనుమునే మార్చడం. కరిగిన ఇనుములో మెగ్నీషియం అతి స్వల్పంగా, కచ్చితంగా కలిపితే, గ్రాఫైటు రేకులకు బదులు మొద్దు కొసల పురుగుల ఆకారంలో పేరుకుంటుంది. తనన బలం కనీసం ముప్పాతిక వంతు పెరుగుతుంది. 1999లో ఆడి సంస్థ తన ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజను బ్లాకును ఇట్టి ఇనుముతో పోసింది. ఐతే రేకులు పోయినందున ఉష్ణవాహకత తగ్గుతుంది, కోత పనిముట్లు త్వరగా అరుగుతాయి.

ఇక పగిలిన బ్లాకును వెల్డింగు చేయించేవారు జాగ్రత్తపడాలి. అతుకు పక్కనున్న ఇనుము త్వరగా చల్లారి మరింత పెళుసు బారుతుంది; కొత్త పగులు సాధారణంగా అక్కడే పుడుతుంది. పగులు వెంట వరుసగా రంధ్రాలు తొలిచి, ఒకదాని అంచు నొకటి కొరికేటట్లు మరచీలలు బిగించే పద్ధతిలో వేడి అవసరం లేదు.