మోర్స్ గొంతు ఆగిపోయే లోపు

హైదరాబాద్‌లోని జీడిమెట్ల ఫ్యాక్టరీల రేకుల కప్పుల మీదుగా విమానం మోత వినపడితే పెద్దగా ఎవరూ తలెత్తి చూడరు. ఉత్తరాన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఈశాన్యంలో హకీంపేట, దక్షిణాన బేగంపేట. మూడు ఎయిర్‌ఫీల్డుల నడుమ పెరిగిన ప్రాంతమది. ఉపగ్రహాలు రాకముందు, మబ్బుల్లో చిక్కిన పైలట్‌కు దారి చెప్పినవి నేల మీది రేడియో బీకన్లే. ఇప్పుడవి దేశదేశాల్లో ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. కూల్చేసే లోపే వాటిని ఫొటో తీసి, సంకేతాన్ని రికార్డు చేసి దాచే పనిని రేడియో అభిమానులు, విమానాల మీద మక్కువ ఉన్నవారు నెత్తికెత్తుకున్నారు.

వీటిలో పాతది ఎన్‌డీబీ (నాన్ డైరెక్షనల్ బీకన్). ఒక స్తంభం, లేదా రెండు స్తంభాల మధ్య కట్టిన తీగ, పక్కనే ట్రాన్స్‌మిటర్ గది. అన్ని దిక్కులకూ ఒకే తీరుగా సంకేతం పంపుతుంది. విమానంలో లూప్ యాంటెనాను తిప్పుతూ పోతే ఒకచోట ఆ సంకేతం దాదాపు మాయమవుతుంది. అలా సన్నగిల్లిన చోటును బట్టే బీకన్ ఏ వైపు ఉందో తేలుతుంది. 1945లో హైదరాబాద్ సంస్థానంలో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా విమానాల తరం ఈ విద్య మీదే ఎగిరింది. ఉరుములు మెరుపులతో వాన పట్టుకుంటే మాత్రం చిక్కే. విమానంలో దిక్కు చూపే సూచీ బీకన్‌ను వదిలేసి పిడుగుల వైపు తిరిగేది.

తర్వాత వచ్చిన వీఓఆర్ (వీహెచ్ఎఫ్ ఓమ్నీ రేంజ్) ఆ చిక్కును తీర్చింది. ఇది 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. సెకనుకు 30 సార్లు మారే రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒక్కటే, రెండోది దిక్కును బట్టి మారుతుంది. రెండింటి మధ్య తేడాయే విమానం ఎన్ని డిగ్రీల గీత మీద ఉందో చెబుతుంది. డాప్లర్ రకం వీఓఆర్‌లో నడుమ ఒక యాంటెనా, దాని చుట్టూ వలయంగా సాధారణంగా 48 యాంటెనాలు ఉంటాయి.

ఉపగ్రహాలు దారి చెప్పడం మొదలయ్యాక ఈ బీకన్ల అవసరం తగ్గింది. అమెరికా 896 వీఓఆర్‌లను దాదాపు 590కి తగ్గించే పని పెట్టుకుంది. ఓడలకూ విమానాలకూ దారి చూపిన ఒమేగా వ్యవస్థ 1997లోనే ఆగింది. మన దగ్గర ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి విమానాలకు దారి చూపే గగన్ ఉపగ్రహ వ్యవస్థను తెచ్చాయి.

ఫొటో తీయడంలోనూ ఒక పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నపు వెలుగులో సన్నటి తీగ ఆకాశంలో కలిసిపోతుంది. ఉదయం, సాయంత్రం పక్కనుంచి పడే ఎండలోనే అది స్పష్టంగా తేలుతుంది. చుట్టూ ఉన్న నేలతో సహా దూరం నుంచి ఒకటి, స్తంభం అడుగున ఉన్న ఇన్సులేటర్లు కనపడేలా ఒకటి, ఎత్తు తెలియడానికి మనిషి నిలబడగా ఒకటి తీయాలి. విమానాశ్రయాల్లోనూ రక్షణ స్థలాల్లోనూ అనుమతి లేనిదే కెమెరా తీయకూడదు.

ఫొటో ఒక్కటే చాలదు. ప్రతి బీకన్ తన పేరును మోర్స్ అక్షరాల్లో పలుకుతూ ఉంటుంది. వీఓఆర్ గొంతు 1020 హెర్ట్జ్ స్వరం. అది వినపడకపోతే పైలట్ ఆ బీకన్‌ను నమ్మడు. అందుకే ఫ్రీక్వెన్సీ, అక్షాంశ రేఖాంశాలు, ఆపేసిన తేదీతో పాటు ఆ పిలుపునూ రికార్డు చేసి ఉంచాలి. ఈ పనికి తగిన చెవులు నగరంలోనే ఉన్నాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది హైదరాబాద్‌లోనే. రాత్రిపూట దూరపు ఎన్‌డీబీలను పట్టి వినడం హామ్‌లకు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లకు, కొత్త కాదు.

ఈ రికార్డుకు ఇల్లు కూడా దగ్గరే ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట నెమ్మదించింది. అక్కడే 2024 మార్చిలో పౌర విమానయాన పరిశోధన సంస్థ ప్రారంభమైంది. రేపటి గగన మార్గాలను పరిశోధించే చోట నిన్నటి బీకన్లకూ ఒక గది ఇవ్వాలి. అందులో ఫొటోలు, నేమ్‌ప్లేట్లు, లాగ్‌బుక్కులు, ట్రాన్స్‌మిటర్ గదుల్లో రాత్రి డ్యూటీలు చేసి రిటైరైన టెక్నీషియన్ల మాటలు చేరాలి. బీకన్‌ను ఆపేసే ముందు పైలట్లకు నోటామ్ అనే ముందస్తు సమాచారం వెళుతుంది. ఆ కబురు ఈ గదికీ అందితే, ఆఖరి రోజున రికార్డర్ పట్టుకుని ఒకరు అక్కడ ఉండగలుగుతారు.